పరిశోధక వేతనం: దరఖాస్తుకు ముందు ఒక ప్రశ్న

నస్పూరు పేరు వినగానే మనకు బొగ్గు గుర్తుకు వస్తుంది. ఒక ప్రక్క గోదావరి, ఒక ప్రక్క శ్రీరాంపూరు గనులు. నడుమ షిఫ్టు వేళలను బట్టి మేలుకొని, షిఫ్టు వేళలను బట్టి నిద్రించే కాలనీలు. పూర్వం ఆదిలాబాదు జిల్లాలో ఉండి, 2016 నుండి మంచిర్యాల జిల్లాలో చేరిన ఈ ప్రాంతపు ఇళ్ళలో ఇప్పుడు ఒక కొత్త సంభాషణ వినవస్తున్నది. తండ్రి గనిలో దిగినవాడు. కొడుకో, కూతురో వరంగల్లులోనో హైదరాబాదులోనో తెలుగు, చరిత్ర, సమాజశాస్త్రం వంటి విషయాలలో ఎం.ఏ. ముగించి ఇంటికి వచ్చినారు. "ఇక ఏమి చేస్తావు బిడ్డా?" అని తండ్రి అడుగుతాడు. "పరిశోధన చేస్తాను" అన్న జవాబు వస్తే, వెంటనే మరొక ప్రశ్న: "అయిదేండ్లు చదువుకుంటూ కూర్చుంటే ఇల్లు ఎట్లా గడుస్తది?"

ఇది చదువు విలువ తెలియని ప్రశ్న కాదు. నెల జీతంతో ఇల్లు నడిపినవాడు అడుగవలసిన ప్రశ్నే. దానికి ఉన్న జవాబులలో ముఖ్యమైనది పరిశోధక వేతనం, అనగా ఫెలోషిప్. అది ఎవరికి లభిస్తుంది, దానికి దరఖాస్తు ఎట్లా సిద్ధం చేసుకోవలె అన్నదే నేటి ప్రసంగ విషయం.

పరిశోధక వేతనం దానం కాదు, తిరిగి చెల్లించవలసిన అప్పూ కాదు. ఒక యువకునికో యువతికో ఒక ప్రశ్నపై కొన్ని సంవత్సరాలు పనిచేసే తీరిక కల్పించడానికి సమాజం పెట్టే పెట్టుబడి. వీటిలో అందరికీ తెలిసినది విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యు.జి.సి. ఇచ్చే జూనియర్ రిసెర్చి ఫెలోషిప్. 2023 జనవరి నుండి దీని మొత్తం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు. పని తృప్తికరంగా సాగినచో తరువాత 42,000 రూపాయలు. మొత్తం కాలం అయిదేళ్ళు. హాస్టలులో వసతి లేనివారికి ఇంటి అద్దె భత్యం ఉన్నది. పుస్తకాలకు, ప్రయాణాలకు మానవీయ శాస్త్రాల విద్యార్థికి మొదటి రెండేళ్ళు ఏడాదికి 10,000 రూపాయలు, పిమ్మట 20,500 రూపాయలు అదనంగా ఇస్తారు.

దీనికి ద్వారం నెట్ పరీక్ష. ఏడాదికి రెండు పర్యాయాలు జరుగుతుంది. రెండు పత్రాలు, 150 ప్రశ్నలు, మూడు గంటలు. వేతనం కోరేవారికి వయస్సు 30 సంవత్సరాలు దాటరాదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, వికలాంగులకు అయిదేళ్ళ సడలింపు ఉన్నది. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఒక సంగతి ముందే గుర్తించవలె. తెలుగు విషయపు పత్రం తెలుగులోనే ఉంటుంది కాని, అందరికీ సమానమైన మొదటి పత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే వస్తుంది. విషయంలో గట్టివారై ఉండికూడా ఈ పత్రం దగ్గర వెనుకబడే ప్రమాదం ఉన్నది. కనుక ఎం.ఏ. మొదటి సంవత్సరం నుండే రోజుకొక గంట ఇంగ్లీషు గద్యం చదివి, దాని సారాన్ని నాలుగు వాక్యాలలో వ్రాసుకొనే అలవాటు చేసుకొనుట మేలు. రాష్ట్ర స్థాయిలో జరిగే సెట్ పరీక్ష అధ్యాపక పదవికి అర్హత ఇస్తుందే గాని వేతనం ఇవ్వదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు.

ఇతర మార్గాలూ ఉన్నవి. గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ ఏడాదికి 750 జాతీయ ఫెలోషిప్పులు ఇస్తున్నది. మన ప్రాంతపు గోండు, కోలాము, నాయకపోడు బిడ్డలు దీనిని తప్పక తెలుసుకోవలె. షెడ్యూల్డు కులాలకు, వెనుకబడిన తరగతులకు వేరు పథకాలు ఉన్నవి. సాంఘిక శాస్త్రాలకు 1969లో ఏర్పడిన భారత సాంఘిక శాస్త్ర పరిశోధన మండలి, చరిత్రకు 1972లో ఏర్పడిన భారత చరిత్ర పరిశోధన మండలి కూడ పరిశోధక వేతనాలు ఇస్తున్నవి. మొదటి దానికి దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఉన్నది. అయితే క్రమం గమనించవలె. నెట్ ద్వారా వచ్చే వేతనపు అర్హత ముందు వస్తుంది, పిహెచ్.డి. ప్రవేశం తరువాత. ఈ మండలుల వేతనాలకు ముందు పిహెచ్.డి.లో చేరి, పిమ్మట దరఖాస్తు చేయవలె. ఈ క్రమం తెలియక ఒక సంవత్సరం పోగొట్టుకొనడం విచారకరం.

ఇక దరఖాస్తుకు ప్రాణమైన భాగానికి వస్తాను. అది పరిశోధన ప్రణాళిక. నాలుగైదు పుటలలో, తాను ఏమి చేయదలచినాడో విద్యార్థి చెప్పవలసిన పత్రం. పరీక్షలో మార్కులు తెచ్చుకొన్నవారు కూడ ఈ నాలుగు పుటల దగ్గర తడబడుతారు. కారణం ఒక్కటే. వారికి విషయం ఉంటుంది గాని ప్రశ్న ఉండదు.

విషయానికీ ప్రశ్నకూ భేదం ఏమిటి? "సింగరేణి కార్మికుల జీవితం" అన్నది విషయం. అది సముద్రం వంటిది. అయిదేళ్ళు ఈదినా ఒడ్డు కనిపించదు. దాని నుండి ఒక ప్రశ్నను తీయవలె. తట్ట, చెమ్మస్, టబ్బు, సర్దారు, ఓవర్‌మన్, బదిలీ వర్కరు: గని మనుషుల నోట నిత్యం వినిపించే మాటలు ఇవి. కొన్ని తెలుగువి, కొన్ని ఉర్దూ నుండి, కొన్ని ఇంగ్లీషు నుండి వచ్చినవి. భూగర్భ గనుల పని తగ్గి ఓపెన్‌కాస్టు గనులు పెరిగిన తరువాత వీటిలో ఏ మాటలు నిలిచినవి, ఏవి పోయినవి, ఏవి గని విడిచి ఇంటి భాషలోకి వచ్చినవి? ఇది ప్రశ్న. దీనికి జవాబు ఇంతవరకు తెలియదు, వెదకితే తెలుస్తుంది, ఎవరిని అడుగవలెనో తెలుసు, ఎప్పటికి ముగియునో అంచనా వేయవచ్చును. ప్రణాళిక చదివే పండితుడు చూచేది ఈ నాలుగు లక్షణాలనే.

ప్రశ్న దొరికిన తరువాత మిగిలినది వరుసగా వస్తుంది. ఇదివరకు ఈ ప్రశ్న దాపుకు ఎవరు వచ్చినారు, ఎక్కడ ఆగినారు? నా ఆధారాలు ఏవి, అవి ఎక్కడ ఉన్నవి, నాకు అందుతవా? ఏ పద్ధతిలో పనిచేస్తాను? ఏ ఏడాది ఏ పని ముగిస్తాను? ఈ పనికి నేనే ఎందుకు తగినవాడను? ఈ చివరి ప్రశ్నకు జవాబు వ్రాయడానికి మన పిల్లలు సంకోచిస్తారు. సంకోచం అక్కరలేదు. విశ్రాంతి తీసుకొన్న గని కార్మికునితో ఆయన అరుగుపై కూర్చొని, ఆయన భాషలో మాట్లాడగలగడం ఒక యోగ్యత. దానిని అతిశయోక్తి లేకుండ ఒక వాక్యంలో చెప్పవలె.

మన ప్రాంతంలో పరిశోధనకు సరకు లేదని ఎవరైనా అనుకొంటే, ఒక ఉదాహరణ చెప్పుతాను. 1909లో వియన్నాలో జన్మించిన క్రిస్టొఫ్ హైమెన్‌డార్ఫ్ అక్కడే డాక్టరేటు పొంది, రాక్‌ఫెల్లర్ సంస్థ ఇచ్చిన ఫెలోషిప్పుతో 1935 ప్రాంతంలో లండను చేరినారు. అక్కడ మాలినోవ్‌స్కీ గోష్ఠిలో, ప్రజల మధ్య నివసించి వారిని అధ్యయనం చేసే పద్ధతిని అభ్యసించినారు. 1936లో నాగా కొండలకు వచ్చినారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో శత్రుదేశ పౌరుడన్న కారణాన హైదరాబాదు సంస్థానపు ఎల్లలలో ఉండవలసి వచ్చినప్పుడు, ఆ నిర్బంధాన్నే అవకాశంగా మలచుకొన్నారు. చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య పనిచేసి, పిమ్మట ఆదిలాబాదు గోండుల దగ్గరకు వచ్చినారు. 1948లో వారి "రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్" వెలువడినది.

ఆయన దొరికిన ప్రతి ముక్కనూ మూటగట్టలేదు. గోండుల పురాణకథలకు, పెర్సాపేన్ కొలుపులకు, వారి వంశ విభాగాలకు గల సంబంధం ఏమి అన్న ప్రశ్న చుట్టూ సేకరించినారు. మరొక సంగతి కూడ స్మరించవలె. 1940లో జోడేఘాటులో కుమ్రం భీమ్ నేలకొరిగిన పిమ్మట గోండుల భూమి కష్టాలు ప్రభుత్వం కంటికి ఆనినవి. ఆ కాలంలోనే, 1943లో, హైమెన్‌డార్ఫ్ దంపతుల పూనికతో మార్లవాయిలో గోండీ బడి, ఉపాధ్యాయ శిక్షణ మొదలైనవి. ఎవరి జీవితం నుండి విద్య పొందినారో వారికి కొంత తిరిగి ఇచ్చుట పరిశోధకుని ధర్మం.

ఇటీవలి ఉదాహరణ గుంజాల. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలంలోని ఈ గోండు గ్రామంలో కొన్ని వ్రాతప్రతులు తరతరాలుగా ఉన్నవి. ఆ లిపి చదువగల పెద్దలు కొందరే మిగిలినారు. 2006 ప్రాంతంలో హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకుల దృష్టికి అవి రావడంతో పని మొదలైనది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరి, కంప్యూటరులో వ్రాయదగినది అయినది. ఈ లోపల ఆ పెద్దలు గతించి ఉంటే? మానవీయ శాస్త్రాలలో ఆలస్యానికి మూల్యం ఇదే. ఆధారం ఎన్నో పర్యాయాలు ఒక మనిషి జ్ఞాపకంలో ఉంటుంది. ఆ మనిషి మనకోసం వేచి ఉండడు.

తెలుగు సాహిత్యంలోనూ మనకు మార్గదర్శకులు ఉన్నారు. ఓరుగల్లు ప్రాంతపు బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాలను సిద్ధాంత గ్రంథానికి విషయంగా స్వీకరించిన కాలంలో, పొలంలో పాడే పాట విశ్వవిద్యాలయానికి తగునా అన్నవారు లేకపోలేదు. ఆ గ్రంథమే తరువాతి వారికి బాట వేసినది. కరీంనగరు ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టి, చిన్నతనంలో ఉర్దూ మాధ్యమంలో చదివిన సి. నారాయణరెడ్డి గారు ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాలను, ప్రయోగాలను పరిశీలించి ఉస్మానియాలో డాక్టరేటు పొందినారు.

ఉర్దూ ప్రస్తావన వచ్చినది కనుక ఒక మాట. నిజాం కాలపు చరిత్రపై పనిచేయదలచినవారు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారానికి వెళ్ళవలసి ఉంటుంది. అక్కడి పత్రాలలో చాలభాగం ఉర్దూ, పారసీ భాషలలో ఉన్నవి. ఆ లిపి చదువనేర్వనివారు ఆ విషయం ప్రణాళికలో దాచరాదు. "మొదటి సంవత్సరంలో ఉర్దూ చదువ నేర్చుకొంటాను, ఫలానా చోట నేర్చుకొంటాను" అని వ్రాయవలె. లోపాన్ని గుర్తించి మార్గం చెప్పినవానిని పరీక్షకులు తక్కువగా చూడరు.

పర్యవేక్షకుని ఎంపిక కూడ ఆలోచించి చేయవలె. పేరు విని కాదు, వారు వ్రాసినది చదివి. మొదటి ఉత్తరం ఒక పుటకు మించరాదు: తాను ఎవరు, ప్రశ్న ఏమి, వారి ఏ రచన చదివి వారిని ఆశ్రయిస్తున్నాడు. సిఫారసు పత్రాలు కోరే గురువులకు కనీసం నెలరోజుల గడువు ఇచ్చి, ప్రణాళిక ప్రతిని కూడ పంపవలె. విద్యార్థి పని ఎరిగిన గురువు వ్రాసిన పది పంక్తులు, ఎరుగని పెద్దమనిషి వ్రాసిన రెండు పుటలకన్న మేలు.

ఇప్పుడు ఇంటి పెద్దలకు రెండు మాటలు. వేతనం మంజూరైనా మొదటి సొమ్ము చేతికి అందడానికి కొన్ని నెలలు పట్టవచ్చును. ఆ మధ్యకాలానికి కొంత నిలువ ఉంచుకొన్న ఇల్లు కలత పడదు. ఆడపిల్లల విషయంలో "పెండ్లి అయిన తరువాత ఈ చదువు సాగునా?" అన్న శంక ఉంటుంది. 2022 నాటి పిహెచ్.డి. నిబంధనల ప్రకారం సాధారణ గడువు ఆరేళ్ళు. స్త్రీలకు రెండేళ్ళ అదనపు వెసులుబాటు, ప్రసూతి, శిశుసంరక్షణలకు 240 రోజుల వరకు సెలవు ఉన్నవి. నిబంధన తోడుగా నిలిచినది. ఇంటివారు కూడ నిలువవలె.

దరఖాస్తు ఒకసారి తిరిగి రావచ్చును. స్థానాలు కొన్ని, కోరేవారు అనేకులు. తిరిగి వచ్చిన ప్రణాళికను మూలన పడవేయక, విషయం తెలియని ఒక మిత్రునికి ఇచ్చి చదివించవలె. ఆ మిత్రుడు మూడు నిమిషాలలో మీ ప్రశ్నను తన మాటలలో చెప్పగలిగితే ప్రణాళిక బాగున్నది. చెప్పలేకపోతే దిద్దవలసినది భాష కాదు, ప్రశ్న.

కనుక దరఖాస్తు ఫారం కొరకు వెదకడానికి ముందు, ఒక చిన్న నోటుపుస్తకం తీసుకొని మీ చుట్టూ చూడండి. మీ తాత ఏ ఊరినుండి ఈ గనికి వచ్చినాడు? మీ అమ్మ బతుకమ్మనాడు పాడే పాటలో మీ పొరుగింటివారు పాడని చరణం ఏది? కాలనీ వెలసినప్పుడు పోయిన పల్లె పేరు ఏమి? ఇట్టివాటిలో ఏ ఒక్కటి మిమ్మల్ని నిద్రపోనీయదో, అదే మీ ప్రశ్న. "ఇల్లు ఎట్లా గడుస్తది?" అన్న తండ్రికి వేతనం జవాబు చెప్పుతుంది. "ఇంతకాలం ఏమి చదివినావు?" అని ఆయన అడిగిననాడు, ఆయనకు అర్థమయ్యే మాటలలో జవాబు చెప్పగలిగితే ఆ పరిశోధన సార్థకం.