కచుంబర్ గురించి నాలుగు మాటలు

మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



ఈ రోజు మమ్మల్ని వంట గురించి మాట్లాడమన్నారు. బిర్యానీ సంగతులు చెబుతామని చాలామంది అనుకొని ఉంటారు. బిర్యానీ మీకు మేము నేర్పేదేముంది! దాని పక్కన పెట్టే కచుంబర్ గురించి మాత్రం కాస్త చెప్పుకోవలసి ఉన్నది.

ముందు మా తప్పు మేమే ఒప్పుకుంటాము. మొన్నటి విందుకు పని తెమిలిపోతుందని ఉదయం పది గంటలకే కీర, టమాటా, ఉల్లిపాయ తరిగి, ఉప్పు, నిమ్మరసం కలిపి బేసిన్‌లో మూత పెట్టాము. ఒంటిగంటకు తీసి చూస్తే ముక్కలు నీళ్లలో తేలుతున్నాయి. ఉప్పు ముక్కలోని నీటిని బయటకు లాగేస్తుంది. ఊరగాయ పెట్టే ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతే. ఆ రోజు మాకు గుర్తు రాలేదు. పిల్లలు ఆ నీళ్లు వంపేసి ఉత్త బిర్యానీ తిని లేచారు. కాబట్టి ముక్కలు ముందు తరుక్కోండి, ఉప్పు మాత్రం వడ్డించేటప్పుడే.

నలుగురికి రెండు కీర దోసకాయలు, రెండు గట్టి టమాటాలు, ఒక క్యారట్, ఒక ఉల్లిపాయ, గుప్పెడు కొత్తిమీర, కాస్త పుదీనా చాలు. కీరను కొరికి చూడకుండా వేయవద్దు. ఒక్క చేదు కాయ గిన్నెనంతా పాడు చేస్తుంది. అన్నీ ధారగా పడే మంచినీటితో కడగాలి. మాంసం కోసిన కత్తిపీటనే తుడిచేసి దానిమీద వీటిని తరగవద్దు. బక్రీదు హడావుడిలో మన ఇళ్లలో ఇది జరిగేదే. మాంసం ఉడుకుతుంది, క్రిములు చస్తాయి. కచుంబర్ ఉడకదు కదా!

ఇక పైన పోసే రసం. బజారు సీసాల జోలికి పోనక్కరలేదు. జామ్ అయిపోయిన గాజు సీసాలో మూడు చెంచాల నిమ్మరసం, రెండు చెంచాల వేరుశనగ నూనె, అర చెంచా ఉప్పు, పావు చెంచా ఆవపొడి, వేయించి దంచిన జీలకర్ర, మిరియాల పొడి, చిటికెడు బెల్లం వేసి, మూత బిగించి బాగా గిలకొట్టండి. షుగర్ ఉన్నవారు బెల్లం మానండి, బి.పి. ఉన్నవారు ఉప్పు తగ్గించండి. నూనె, నిమ్మరసం వాటంతటవి కలవవు. ఆవపొడి వాటిని కాసేపు కలిపి ఉంచుతుంది. “పచ్చి నూనె ఎందుకమ్మా?” అని ఒక ఖాలా అడిగారు. క్యారట్‌లో ఉండి ఒంట్లో విటమిన్ ‘ఎ’గా మారే పదార్థం కాస్త నూనె తోడుంటేనే బాగా వంటబడుతుంది.

నిమ్మరసం సంగతి ఇంకా ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ ‘సి’ సాయపడుతుంది. అది నిమ్మలో, పచ్చి టమాటాలో ఉన్నది; పొయ్యి మీద పెడితే కొంత పోతుంది. తినగానే తాగే చాయ్ ఆ ఇనుముకు అడ్డం, గంటసేపు ఆగండి. ఇది విని డాక్టరు ఇచ్చిన మాత్రలు మాత్రం మానేయకండి.

మరి మన ఇళ్లలో ఏం జరుగుతుంది? అతిథులు, మగవాళ్లు, పిల్లలు తిని లేచాక దస్తర్‌ఖాన్ మీద మిగిలేవి రెండు ఉల్లిపాయ చక్రాలు, పిండేసిన నిమ్మచెక్క. వండిన మనిషికి దక్కేది అదే. ఎవరూ కావాలని చేయరు. అడిగితే “నాకేం వద్దులే” అనేది కూడా మనమే! అందుకని మేము తరిగిన వెంటనే వండిన మనిషి వంతు వేరే గిన్నెలో తీసి మూత పెడుతున్నాము. రసం సీసాలోనే ఉంటుంది గనుక తినేటప్పుడు కలుపుకోవచ్చు. మొదట్లో ఇంట్లో నవ్వారు. ఇప్పుడు ఆ గిన్నె జోలికి ఎవరూ రారు.

వెనుక బల్ల మీద గిన్నెలు, సీసాలు పెట్టాము. ఎవరి సీసా వారే గిలకొట్టుకోవాలి. పొయ్యిల దగ్గరున్న అక్కలను ముందు పిలవండి.