వచ్చినవారిని పలుకరించుట

(బేరిగైలో మన సంఘసభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము మేము చెప్పదలచిన విషయము చిన్నదిగా తోచవచ్చును. కార్యాలయమునకో, అంగడికో, బ్యాంకునకో పనిమీద వచ్చిన మనిషిని అచ్చట కూర్చున్నవారు ఎట్లు పలుకరింపవలెనన్నదే ఆ విషయము. ఇంటికి వచ్చినవారికి కాళ్ళకు నీళ్ళిచ్చి, "రాండి, కూర్చోండి" అనుట మన కుటుంబములలో తరతరములుగా ఉన్నదే. ఆ మర్యాద ఇంటి గడప దాటి కార్యాలయపు బల్ల వెనుకకు చేరునప్పటికి ఏమగుచున్నదో ఆలోచింపవలసియున్నది.

1971లో ఏర్పడిన సిప్కాట్ సంస్థ హోసూరులో పారిశ్రామిక వాడను నెలకొల్పిన తరువాత మన పిల్లలు అనేకులు పొలము విడిచి కర్మాగారములలోనికి, కార్యాలయములలోనికి ప్రవేశించిరి. గేటు వద్ద పేర్లు వ్రాసుకొనువారు, టెలిఫోను ఎత్తువారు, బ్యాంకులో చీటీ అందుకొనువారు నేడు మనవారిలో ఉన్నారు. సంస్థ ఎంత పెద్దదైనను, వచ్చినవానికి మొదట కనబడునది వీరి ముఖమే.

పద్ధతి కష్టమైనది కాదు. మనిషి రాగానే చేతిలోని సెల్‌ఫోను ప్రక్కన పెట్టి తలయెత్తి చూడవలెను. నమస్కరించి, పేరును, ఎవరికొరకు వచ్చినారో ఆ సంగతిని అడిగి, కూర్చుండ చోటు చూపవలెను. అరగంట పట్టునని తెలిసియు "ఇప్పుడే" అనుట కంటె అరగంట అనుటయే మర్యాద. టెలిఫోనులో "ఎవరు?" అని గద్దించుటకు ముందు తమ కార్యాలయము పేరు చెప్పవలెను.

ఇక నీవు, మీరు అను భేదము. ఇంగ్లీషున రెంటికి ఒకటే మాట గనుక అచ్చట చిక్కు లేదు. తమిళమున నీ, నీంగ. కన్నడమున నీను, నీవు. తెలుగున నీవు, మీరు. కన్నడమువారి 'నీవు' గౌరవవాచకము, మన 'నీవు' కాదు. సరిహద్దున ఉన్నవారు ఈ తికమకను గుర్తుంచుకొనుట మంచిది. ప్యాంటు తొడిగినవానిని మీరు అని, పంచె కట్టినవానిని నీవు అని పిలుచుట మేము కన్నులార చూచితిమి. వరుస పెట్టి పిలుచుట మనకు తీపి. అంగడిలో అన్నా, అక్కా అనుట బాగుగనే ఉండును. కాని ఏబదియేండ్ల స్త్రీని బ్యాంకు బల్ల వెనుకనుండి "అవ్వా" అని కేక వేసిన ఆమె సంతోషించునని తలపకుడు. అట్టిచోట అయ్యా, అమ్మా చాలును.

అసలు చిక్కు భాషను గురించినది. గులాబీలు, టమోటాలు కొనుటకు వచ్చు మాలూరు, బెంగుళూరు వర్తకులతో కన్నడమున మాటాడుటకు మనవారు ఎన్నడును వెనుదీయలేదు. తమిళ అధికారి వచ్చిన "వాంగ, ఉక్కారుంగ" అనుటలోను కొరత లేదు. మరి పల్లెనుండి ఒక ముసలయ్య వచ్చి తెలుగున అడిగిన, తెలుగు పిల్లవాడే తమిళముననో ఇంగ్లీషుననో బదులు చెప్పుచున్నాడు! తోటివారు నవ్వుదురని శంక కాబోలు. ఆ పెద్దమనిషి సగము అర్థముతో తల ఊపి, పని ముగియకయే బస్సెక్కును. పింఛను కాగితమో, భూమి పత్రమో మరియొక నెల నిలిచిపోవును.

2006నాటి చట్టముతో బడులలో తమిళము తప్పనిసరి పాఠమైనది. మన పిల్లలకు తమిళము బాగుగా వచ్చుట మేలే. కాని ఇంట మాటాడు భాషను కార్యాలయమున దాచుకొనుమని ఆ చట్టము చెప్పలేదు. పైగా, రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము, కష్టనివారణకై ఇచ్చు విజ్ఞప్తిని కేంద్రమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు సమర్పింపవచ్చును. కాగితమునకు అంత హక్కు కలదు. దానిని తెచ్చిన మనిషికి "రాండి" అను పలుకును మాత్రము ఏ అధికరణమును ఇప్పింపజాలదు. అది బల్ల వెనుకనున్నవాని నోట రావలసినదే.

వచ్చినవాడు ఏ భాషలో నోరు తెరచునో ఆ భాషలోనే బదులు చెప్పుడు. అది మీకు రానిదైన, వచ్చినవారిని పిలువుడు. ప్రక్కనున్న తమిళ ఉద్యోగికి సంగతి ఏమో తమిళమున ఒక్క మాట చెప్పుడు; చాటుమాటలాడుచున్నారను అనుమానము అతనికి కలుగదు.

మూడు భాషల పలుకరింపు మాటలు వ్రాసిన కాగితములు ద్వారము వద్ద ఉన్నవి. గేటు పనిలోను, బ్యాంకు పనిలోను ఉన్న యువకులు, యువతులు తలకొకటి తీసికొనిపోవలెనని కోరుచున్నాము.