సైకిలు పళ్ళచక్రము అరిగినప్పుడు

సైకిలు చక్రములో గాలి తగ్గినచో త్రొక్కువానికి వెంటనే తెలియును. బ్రేకు సడలినను తెలియును. పళ్ళచక్రము అరుగుట మాత్రము నెలల తరబడి చప్పుడు లేక సాగి, ఒకనాడు ఎత్తుదారిలో, త్రొక్కువాడు సీటు విడిచి లేచి తన బరువంతయు పెడలుపై మోపిన క్షణమున బయటపడును. చైను పన్ను దాటి జారును. లేదా చక్రమును విడువక దానితో పైకిపోయి ఇరుకున చిక్కుకొనును. పెడలు క్రింద నేల లేనట్లు దిగిపోవుటయో, రాయి అడ్డుపడినట్లు ఆగిపోవుటయో జరుగును. ఏది జరిగినను పడునది మనిషియే. ఇంటిలో గేరు సైకిలు త్రొక్కు పిల్లలున్నవారు ఈ సంగతి కొంచెము తెలిసికొనియుండుట మంచిది.

పళ్ళచక్రమనగా పెడళ్ళవద్ద కుడివైపున చైనును లాగుచు తిరుగు చక్రము. మన దుకాణములవారు దానిని చైన్ వీల్ అందురు. మనకందరకు పరిచయమైన నల్లని పెద్ద సైకిలునందు దీనితో ఇంత చిక్కు లేదు. ఆ చక్రము దళసరి ఉక్కు. పెక్కింటికి చైను చుట్టును రేకుపెట్టె ఉండి దుమ్మును, వాననీటిని ఆపును. చైను ఎప్పుడును ఒకే వరుసలో సూటిగా తిరుగును. కొండదారుల కొరకై పుట్టిన మౌంటెన్ బైకునందు ఈ మూడు రక్షణములును లేవు. పళ్ళచక్రము తరచుగా అల్యూమినియము. చైను బయలుగా ఉండి బురదను, ఇసుకను తెచ్చి పళ్ళనడుమ నూరును. గేరు మార్చినకొలది అది ఏటవాలుగా తిరుగును.

ఈ సైకిలు పుట్టుకయే మట్టిలోను రాళ్ళలోను జరిగినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున మెరీన్ అను ప్రాంతము కలదు. అచటి టమల్పాయిస్ పర్వతపు చుట్టుప్రక్కల మట్టిదారులలో 1970 దశాబ్దమున కొందరు యువకులు బరువైన పాత సైకిళ్ళను కొండపైకి చేర్చి, వానిపై పందెములు వేసికొని దిగుచుండిరి. 1976 లో ఆరంభమైన పందెమునకు రీప్యాక్ అని పేరు. ఒక్కసారి దిగునప్పటికి వెనుక చక్రపు బ్రేకు కాగి, అందలి గ్రీజు పొగయై పోయెడిది. మరల గ్రీజు నింపనిదే సైకిలు పనికివచ్చెడిది కాదు. ఆ నింపుటయే పందెమునకు పేరైనది. 1977 లో జో బ్రీజ్ అను నాతడు ఇట్టి దారులకే తగినట్లుగా ప్రత్యేకించి సైకిలు తయారుచేసెను. దిగుట బాగుగనే ఉన్నది, ఎక్కుట ఎట్లు? అందుకొరకే గేర్లును, చిన్న పళ్ళచక్రములును వచ్చి చేరినవి. ముందువైపున 44, 32, 22 పళ్ళు గల మూడు చక్రముల కూర్పు తరువాత చాలకాలము సామాన్యమైనది.

చిన్న చక్రము కాలికి సుఖము. ఆ సుఖమునకు వెల చెల్లించునది చక్రము. లెక్క చూడుడు. క్రాంకు పొడవు 175 మిల్లీమీటర్లు అనుకొందము. 60 కిలోల మనిషి దానిపై నిలువుగా లేచి నిలిచెను. 22 పళ్ళ చక్రపు వ్యాసార్ధము సుమారు 44 న్నర మిల్లీమీటర్లు. మీటకోల లెక్క ప్రకారము చైనుపై పడు లాగుడు సుమారు 235 కిలోలు! అదే మనిషి 44 పళ్ళ చక్రముపై అట్లే నిలిచినచో లాగుడు ఇందులో సగమే. చిన్నదానియందు లాగుడు రెండింతలు, దానిని పంచుకొను పళ్ళు సగము. అందుచేతనే చిన్నదానిని తరచుగా ఉక్కుతో చేయుదురు. మధ్యదానికి ఆ భాగ్యము సామాన్యముగా లేదు. ఎక్కువకాలము చైను ఉండునది దానిమీదనే. మూడింటిలో ముందుగా అరుగునది ఆ 32 పళ్ళదే అయి ఉండుట చాలసార్లు చూడనగును.

అయితే చక్రమును అరుగదీయుచున్నదెవరు? బురద కొంత. అంతకంటె పెద్ద దోషి చైను. హాన్స్ రెనోల్డ్ 1880 లో మాంచెస్టరున నిర్మించిన రోలరు చైనుకు నేటి సైకిలు చైను మనుమరాలు. సైకిలు చైనులో ఒక పిన్నునుండి మరొక పిన్నుకు దూరము సరిగా అర అంగుళము, అనగా 12.7 మిల్లీమీటర్లు. చైను సాగినదని మనవారనుట కలదు. నిజమునకు ఉక్కు పలకలు సాగవు. పిన్నును, అది తిరుగు రంధ్రమును రాపిడికి అరిగి, ఒక్కొక్క కీలునందు వెంట్రుక మందమంత ఎడము ఏర్పడును. ఆ ఎడములన్నియు కలిసి చైను పొడవగును. పళ్ళచక్రపు పళ్ళు మాత్రము అర అంగుళపు లెక్కనే నమ్ముకొని ఉన్నవి. పొడవైన చైను వాని పళ్ళ సందున లోతుగా కూర్చొనలేక పైపైకి ఎక్కును. పది పళ్ళు మోయవలసిన బరువు రెండుమూడు పళ్ళపై పడును.

దీనిని కనిపెట్టుటకు పెద్ద పనిముట్టు అక్కరలేదు. బడిపిల్లల అడుగు స్కేలు చాలును. చైనును కొంచెము బిగువుగా ఉంచి, స్కేలు సున్నగీతను ఒక పిన్ను నడుమకు సరిగా పెట్టి, 12 అంగుళముల గీతయొద్ద చూడుడు. క్రొత్త చైనులో అచట మరొక పిన్ను నడుమ గీతపై ఉండును. ఆ పిన్ను గీతను అంగుళములో 16 వ వంతు దాటినచో చైనును మార్చివేయవలెను. 8 వ వంతు దాటినచో చైనుతోబాటు చక్రములును చెడియుండునని శంకింపవలెను. వెనుక 11, 12 చక్రములు గల క్రొత్త సైకిళ్ళకు 16 వ వంతు వరకైనను ఆగరాదు. సకాలమున ఒక చైను కొనుట, తరువాత చైను, ముందు చక్రములు, వెనుక చక్రముల కూర్పు అన్నియు కలిపి కొనుటకంటె ఎంత చౌకయో గృహస్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

చెడిన పన్ను ఎట్లుండును? మంచి పన్నుకు ఇరుప్రక్కల వాలు ఒకే తీరున ఉండును. అరిగినదానికి బరువు మోయు ప్రక్క తినివేయబడి, కొన కొంకివలె ఒరిగియుండును. ఆ కొంకియే అపాయకరము. చక్రము అడుగుభాగమున చైనును వదలవలసినచోట కొంకి దానిని పట్టుకొని పైకి మోసికొనిపోయి, ఫ్రేము గొట్టమునకును చక్రమునకును నడుమ ఇరికించును. విచిత్రమేమనగా, పాత చైను ఉన్నంతవరకు ఈ రోగము దాగియుండవచ్చును, రెండును కలిసి అరిగినవి గనుక. క్రొత్త చైను వేసిన మరునాడే బయటపడును. అప్పుడు క్రొత్త చైనును నిందించుట పరిపాటి. ఇక చైను జారుట ముందుకంటె వెనుకనే ఎక్కువ. ముందు చక్రమును చైను సగము చుట్టి 32 లో 16 పళ్ళను పట్టుకొని యుండును. వెనుక చిన్న చక్రమున పట్టు ఐదారు పళ్ళకే. కావున జారుచున్నచో ముందుగా వెనుక చూడుడు. చిక్కుకొనుచున్నచో ముందు చూడుడు.

ఇచట ఒక హెచ్చరిక. నేటి గేరు సైకిళ్ళ పెద్ద చక్రమును, మధ్య చక్రమును పరీక్షించినచో కొన్ని పళ్ళు పొట్టిగాను, కొన్ని ఒకప్రక్క చెక్కినట్లుగాను కనబడును. చక్రము ప్రక్కన చిన్న మేకులును, వాలు గాడులును ఉండును. ఇది అరుగుదల కాదు. చైను ఒక చక్రమునుండి మరొకదానికి సులభముగా ఎక్కుటకై తయారుచేసినవారే చేసిన ఏర్పాటు. పొట్టిపళ్ళను చూపి చక్రము పోయినదనువాడు తెలియనివాడైనను కావచ్చును, అమ్మదలచినవాడైనను కావచ్చును. ఎత్తును గాక వాలును చూడవలెను.

మార్చుటయే నిశ్చయమైనచో క్రాంకులతో సహా మొత్తము సెట్టు కొననక్కరలేదు. నల్ల సైకిలులో పళ్ళచక్రమును కుడి క్రాంకునకు విడదీయరానట్లు బిగించుట వాడుక గనుక, మొత్తము మార్చు అలవాటు మన మెకానిక్కులకు అచటనుండి వచ్చినది. మౌంటెన్ బైకు చక్రములు పెక్కు బోల్టులతో ఊడునవే. కొనుటకు ముందు బోల్టుల ఎడమును కొలువుడు. నాలుగు బోల్టుల కూర్పులో ప్రక్కప్రక్క బోల్టుల నడుమ దూరము సుమారు 73 న్నర మిల్లీమీటర్లైనచో అది 104 మిల్లీమీటర్ల వలయము; పెద్ద, మధ్య చక్రములకు ఇది సామాన్యము. లోపలి చిన్నదానికి ఆ దూరము సుమారు 45. దాని వలయము 64. నాలుగు దూరములు సమముగా లేనిచో కొలత చాలదు. క్రాంకుపై చెక్కియున్న నమూనా సంఖ్యను వ్రాసికొని పోవలెను. చౌకరకములలో చక్రములను రివెట్లతో బిగించుదురు. వానికి మాత్రము సెట్టు తప్పదు.

పని ఆరంభించునప్పుడు చైను పెద్ద చక్రముపైననే ఉంచి, క్రాంకు బోల్టులను, పళ్ళచక్రపు బోల్టులను కొంచెము వదులు చేయుడు. కీ జారినచో చేయి పళ్ళపై పడును; చైను కప్పియున్నచో వ్రేళ్ళు దక్కును. ఎడమ క్రాంకుపై బిగించు రెండు బోల్టులున్న రకమైనచో వానిని వదులుచేసి, చివరి మూత విప్పి, ఎడమ క్రాంకును లాగి, కుడిదానిని ఇరుసుతో బయటకు తీయవలెను. నలుచదరపు ఇరుసు గల రకమునకు క్రాంక్ పుల్లర్ అను పనిముట్టు కావలెను. దాని మరలను క్రాంకులోనికి పూర్తిగా ఎక్కించిన పిదపనే లాగవలెను. సగమెక్కించి లాగినచో అల్యూమినియపు మరలు ఊడి క్రాంకే వ్యర్థమగును. ఈ ఒక్కచోట తొందర పనికిరాదు.

చక్రములు ఊడిన తరువాత క్రాంకు చేతులపై గడ్డకట్టిన మురికిని గోకివేయుడు. మురికిపై కూర్చున్న చక్రము వంకరగా తిరుగును. పెద్ద చక్రమున ఒక మేకు బయటకు పొడుచుకొనియుండును. అది క్రాంకు వెనుకకు రావలెను. చైను జారి క్రాంకునకును చక్రమునకును నడుమ పడకుండుటకే అది ఉన్నది. లోపలి చక్రముల అంచున చిన్న మొటిమ ఉండును. దానిని క్రాంకునకు ఎదురుగా నిలుపుడు. ఈ గురుతులు తప్పినచో గేరు మార్పు ఎప్పటికిని సరికాదు. బోల్టు మరలకు గ్రీజు వ్రాసి, ఒకదాని తరువాత ఎదుటిదానిని కొంచెము కొంచెముగా బిగించుడు. అల్యూమినియపు బోల్టులకు 8 నుండి 10 న్యూటన్ మీటర్లు చాలును. అనగా 10 సెంటీమీటర్ల కీ చివర 8 నుండి 10 కిలోల బలము.

ఒకే ముందుచక్రము గల సైకిళ్ళు ఇప్పుడు విస్తరించినవి. అందు ఒక పన్ను దళసరి, ఒక పన్ను పలుచన. అమెరికాలోని శ్రామ్ సంస్థ 2012 లో దీనిని వాడుకలోనికి తెచ్చినది. దళసరి పన్ను చైను బయటి పలకల నడుమ సరిగా ఇమిడి చైనును పడనీయదు. కావున ఇట్టిదానికి కొంకి ఏర్పడుటకు ముందే, దళసరి పన్ను సన్నగిలి, కుదుపులకు చైను ఊడిపోవుట అరుగుదలకు మొదటి గురుతు. చైను ఎక్కించునప్పుడు ఏ పన్నుపై ఏ పలక వచ్చుచున్నదో చూచుకొనవలెను.

మొదటి ప్రయాణము తరువాత బోల్టులను మరల ఒకసారి పరీక్షించుడు. మరొక చిన్న పని కలదు. ఇది చక్రమును బిగించుటకు ముందే చేయవలసినది. క్రొత్త చక్రమును తెల్లకాగితముపై పెట్టి పళ్ళ అంచు వెంట పెన్సిలుతో గీసి, తేదీ వేసి, సైకిలు రసీదుతోబాటు దాచుడు. రెండు మూడు ఏండ్ల తరువాత చక్రమును ఆ గీతపై మరల ఉంచినప్పుడు, ఏ పన్ను తయారైనప్పుడే పొట్టిదో, ఏది అరిగి పొట్టియైనదో కాగితమే చూపును.