యాడి తడిమి చూసిన బొంత

సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. మేం బొంత గురించి చెబుతాం.

మా తరం హాస్టల్‌కు వెళ్లినప్పుడు ట్రంకుపెట్టెలో ఇంటి బొంత ఉండేది. మిగతావాళ్ల కొన్న దుప్పట్లు చూసి దాన్ని అడుగున దాచేవాళ్లం. ఇప్పుడు మేం వార్డెన్లమయ్యాం, మా పిల్లలూ అలాగే దాస్తున్నారు. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

2020 మార్చిలో హాస్టళ్లు మూతపడితే అక్కచెల్లెళ్లం ముగ్గురం తండాకు చేరాం. యాడికి కళ్లలో శుక్లాలు. ఆమె సగం కుట్టిన బొంత దండెం మీదే ఉండిపోయింది. చేత్తో కుట్టే ఓపిక మాకు లేదు, దాచడమెందుకు! జాకెట్లు కుట్టుకునే కాలు మిషన్ ఒకటుంది. ఆమెది ముట్టుకోకుండా, ఊయల పిల్లకు సరిపడేంత చిన్నది వేరే మొదలుపెట్టాం.

మొదటిరోజే మూడు సూదులు విరిగాయి. జాకెట్ గుడ్డకు వాడే సన్నసూది నాలుగు పొరల్లో దిగదు. డబ్బా అడుగున 16 నంబరు సూది దొరికాక పని నడిచింది. బట్టను వెనకనుంచి లాగడం ఇంకో తప్పు. లాగితే సూది వంగి కింది రేకుకు తగిలి విరుగుతుంది. బట్టను మిషన్ పళ్లే నడపాలి, మన చేతులు దారి చూపితే చాలు.

అసలు కష్టం ముడతలు. కింది పళ్లు కింది పొరను ముందుకు లాగుతాయి, పైనున్న పాదం పై పొరను పట్టి ఆపుతుంది. అంచుకొచ్చేసరికి పై చీర కుప్పపడుతుంది. దీనికి మందు మిషనెక్కకముందే వేయాలి. చీరలు ఉతికి ఆరేసి, నున్నటి నేలమీద పరిచి, మూలలు సరిచేసి, మధ్యనుంచి అంచులకు బెత్తెడు దూరంలో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి. మిషన్ మీద కూడా మొదటి గీత మధ్యలోనే. పాదం ఒత్తిడి కాస్త వదులు చేయండి, కుట్టు పొడవు పెంచండి. పాత నూలు చీరలే తీసుకోండి, పాలిస్టర్ చీర చేపలా జారుతుంది. పెద్ద బొంతైతే ఒక పక్కను చాపలా చుట్టి మిషన్ కిందికి దూర్చాలి. మిగతా బరువును పక్కన మంచం మోయాలి, వేలాడితే గీత వంకరపోతుంది.

మిషన్ మీద కుడితే మన పని ఎలా అవుతుందని అడిగినవాళ్లున్నారు. 2023 జులైలో హంపిలో, జి20 సమావేశాల సమయంలో, 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు చేసిన 1755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ అద్దాల పని, రంగుదారాల పని మిషనుకు అప్పగించమని మేం అనడం లేదు. పొరలు కలిపే చాకిరీ దానికిచ్చి, అంచు చేతికి ఉంచుకున్నాం. అంచు కూడా వదిలేస్తామంటే మాత్రం మేం ఒప్పుకోం.

అయిదో రోజుకు బొంత అయింది. గొప్పగా తీసుకెళ్లి యాడి ఒళ్లో పెట్టాం. ఆమె పైవైపు చూడనేలేదు. తిరగేసి అరచేత్తో తడిమింది. ఒక మూల దగ్గర చెయ్యి ఆగింది. మా ఆరు కళ్లకూ కనపడని ముడత అక్కడుంది.

"విప్పండి" అంది.

మిషన్ కుట్టు వేయడంకన్నా విప్పడం కష్టం. రెండు పూటలు పట్టింది. మళ్లీ కుట్టి ఇస్తే ఇంకోసారి తడిమి, మడిచి పక్కన పెట్టుకుంది. ఏమీ అనలేదు.

ఆ బొంతనే ఇప్పుడు మా హాస్టల్లో జ్వరం వచ్చిన పిల్ల భుజాల చుట్టూ కప్పుతున్నాం. జ్వరం తగ్గాక కూడా తిరిగివ్వని పిల్లలున్నారు.