ఒప్పందం వ్రాసే చేతిపై ఉన్న బాధ్యత

సమస్త ప్రశంసలకూ అర్హుడైన అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందు నాకు నేను, తరువాత మీకు హితవు పలుకుతున్నాను.

మన పిల్లలు బి.కాం., ఎం.బి.ఏ. చదువుతున్నారు. వారి పాఠ్యాంశాలలో వ్యాపార చట్టం ఒకటి. అందులో ప్రధానమైనది 1872 నాటి భారత ఒప్పందాల చట్టం. ప్రతిపాదన, స్వీకృతి, ప్రతిఫలం, స్వేచ్ఛా సమ్మతి అనే మాటలను వల్లెవేసి, పరీక్ష వ్రాసి, మార్కులు రాగానే మరచిపోవడం పరిపాటి అయింది. అది లౌకిక విద్య, దీన్‌తో దానికి పని లేదని కొందరు తల్లిదండ్రులు కూడా భావిస్తారు. ఈ భావన సరి కాదు. హజ్రత్ ఉమర్ (రజి) తమ పాలనలో, ధర్మ జ్ఞానం లేనివాడు మన బజారులో అమ్మకం సాగించరాదని ఆదేశించారు. వ్యాపారం చేసేవాడు వ్యాపార నియమాలు నేర్చుకోవడం, నమాజు చేసేవాడు నమాజు నియమాలు నేర్చుకోవడం వంటిదే.

మరొక సంగతి గమనించండి. మన నికాహ్, మహర్, వారసత్వం, వక్ఫ్ వంటి విషయాలకు 1937 నాటి షరీయత్ అన్వయ చట్టం వర్తిస్తుంది. అమ్మకాలు, అప్పులు, భాగస్వామ్యాలు ఆ జాబితాలో లేవు. వాటికి దేశంలోని అందరితో పాటు మనకూ సాధారణ చట్టాలే వర్తిస్తాయి. కనుక ముస్లిం వర్తకునికి రెండు జ్ఞానాలూ అవసరం. న్యాయస్థానం ఏమి అడుగుతుందో తెలియాలి. అల్లాహ్ ఏమి అడుగుతాడో కూడా తెలియాలి.

సోదరులారా! దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు బఖరా సూరాలోని 282వది. దాని విషయం అప్పు పత్రం. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా విసుగు చెందరాదని, సాక్షులను పెట్టుకోవాలని అల్లాహ్ అందులో బోధించాడు. పత్రంలోని మాటలు ఎవరు చెప్పాలో కూడా నిర్ణయించాడు. అప్పు తీర్చవలసినవాడే చెప్పి వ్రాయించాలి. అతడు అశక్తుడైతే అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పాలి. అంటే పత్రంలోని ప్రతి మాటా బలహీనుని నోటి నుండి, అతనికి తెలిసి రావాలి.

ఇప్పుడు మన చుట్టూ చూడండి. కృష్ణ ఒడ్డున ఉన్న వేదాద్రి నుండి జగ్గయ్యపేట, నందిగామ వరకు పత్తి, మిర్చి పండించే రైతులున్నారు. విత్తనానికి, ఎరువుకు, పురుగుమందుకు అప్పు తెస్తారు. రెవెన్యూ స్టాంపు అంటించిన ఖాళీ ప్రోనోటుపై సంతకం పెట్టి వస్తారు. మొత్తం, తేదీ, వడ్డీ రేటు ఉండవలసిన చోట్లు ఖాళీగానే ఉంటాయి. అక్కడ అప్పు తీర్చవలసినవాడు నోరు విప్పడు. అప్పు ఇచ్చినవాడే తరువాత తీరికగా వ్రాసుకుంటాడు. అల్లాహ్ చూపిన పద్ధతికి ఇది పూర్తిగా తలక్రిందులు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, స్టాంపు పత్రంపై సంతకం చేసి ఖాళీగా ఇచ్చినవాడు దానిని నింపుకొనే అధికారాన్ని కూడా ఇచ్చినట్లే. ఈ సెక్షన్ చదివిన కొడుకు ఇంట్లో ఉండగా తండ్రి ఖాళీ నోటుపై సంతకం పెట్టి వచ్చాడంటే, ఆ చదువు ఆ ఇంటికి ఏ మేలు చేసినట్లు?

అదే ఆయతులో అల్లాహ్ వ్రాయసగానికి కూడా ఆజ్ఞ ఇచ్చాడు. తనకు విద్య నేర్పినవాడు అల్లాహ్ కాబట్టి, వ్రాయమని కోరినప్పుడు అతడు నిరాకరించకూడదు. ఉభయుల మధ్య న్యాయంగా వ్రాయాలి. ప్రియమైన విద్యార్థులారా! నేడు మీ వీధిలో ఆ వ్రాయసగాడు మీరే. కౌలు మాట, చేబదులు, బయానా, అన్నదమ్ముల దుకాణంలో వాటాలు, ఇవన్నీ తెల్లకాగితంపై స్పష్టంగా వ్రాసి ఇద్దరికీ చదివి వినిపించడం మీ విద్యకు జకాత్ వంటిది. అయితే ఒక హద్దు మరువకండి. వడ్డీ తినేవానితో, ఇచ్చేవానితో పాటు ఆ పత్రం వ్రాసేవానిని, దానికి సాక్షులైనవారిని కూడా మహాప్రవక్త (స) శపించారు. చట్టం అనుమతించిందని మీ కలం వడ్డీ పత్రానికి సేవ చేయరాదు.

“మనవాళ్లే కదా, కాగితం దేనికి? నమ్మకం లేదా?” అని పెద్దలు అంటూ ఉంటారు. వ్రాత నమ్మకానికి అవమానం కాదు, కాపలా. మహాప్రవక్త (స) కన్నా నమ్మదగినవారు ఎవరున్నారు? అయినా వారు ఒక యూదుని వద్ద యవలు అరువుకు తీసుకొని, తమ ఇనుప కవచాన్ని తాకట్టు పెట్టారు. ఇతర మతస్థులతో లావాదేవీలలోనూ హామీ ఇవ్వడానికి వారు వెనుకాడలేదు. మదీనావాసులు ఖర్జూర పంటకు ముందుగానే సొమ్ము చెల్లించడం చూసి, కొలత, తూకం, గడువు తెలిసి ఉండాలని నియమించారు. మన ఒప్పందాల చట్టం 29వ సెక్షన్ కూడా, అర్థం నిశ్చయించలేని ఒప్పందం చెల్లదంటుంది. పంట రాకముందే సొమ్ము పుచ్చుకొనే మిర్చి రైతు ఎన్ని క్వింటాళ్లు, ఏ రకం, ఏ ధర, తరుగు ఎంత, ఎప్పటిలోగా అన్నవి ముందే తేల్చుకోవాలి. లేకపోతే కాటా దగ్గర తగాదా తప్పదు.

సోదరులారా! చట్టం గీసిన గీత దగ్గరే విశ్వాసి ఆగిపోకూడదు. ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ మోసాన్ని నిర్వచిస్తూ, చెప్పవలసిన బాధ్యత లేనిచోట కేవలం మౌనం మోసం కాదని వివరిస్తుంది. మరి మన ధర్మం? మహాప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వర్షానికి తడిసిందని యజమాని చెప్పగా, జనం చూసేలా దానిని పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించి, మోసగించేవాడు తన వాడు కాడని ప్రకటించారు. ఆ వ్యాపారి నోటితో అబద్ధమాడలేదు. లోపాన్ని అడుగున ఉంచాడు, అంతే. బస్తా అడుగున తేమ మిర్చి, పైన ఎర్రని కాయ పోసేవాడు ఈ హదీసు తనకోసమే అనుకోవాలి. పాత లారీ ఇంజను లోపం తెలిసీ, కొనేవాడు అడగలేదు కదా అని ఊరుకొనేవాడూ అంతే.

మూడవ విషయం అప్పుల గడువు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అప్పు రాబట్టుకోవడానికి దావా వేసే గడువు సాధారణంగా మూడేళ్లు. ఆ గడువు దాటితే కోర్టు తలుపు మూసుకుంటుంది గాని అప్పు మాసిపోదు. కాలం చెల్లిన అప్పును తీరుస్తానని వ్రాసి సంతకం చేస్తే అది చెల్లుతుందని ఒప్పందాల చట్టం 25వ సెక్షనే చెబుతున్నది. ఇక అల్లాహ్ సన్నిధిలో మూడేళ్ల గడువు లేనే లేదు. షహీదుకు సర్వ పాపాలూ క్షమించబడతాయి గాని అప్పు క్షమించబడదని మహాప్రవక్త (స) తెలిపారు. అప్పు ఉన్న ఒక వ్యక్తి జనాజా వచ్చినప్పుడు, ఆ అప్పుకు అబూ ఖతాదా (రజి) పూచీ పడిన తరువాతనే వారు నమాజు చేయించారు. “మూడేళ్లు దాటాయి, ఇక ఏమి చేస్తాడు?” అని నవ్వే నోరు ఆ జనాజాను తలచుకోవాలి.

తగాదాలు తన వద్దకు తెచ్చినవారితో మహాప్రవక్త (స) ఏమన్నారో వినండి. మీలో ఒకరు మరొకరికన్నా వాదనలో నేర్పరి కావచ్చు, నేను విన్నదానిని బట్టి తీర్పు ఇస్తాను, అలా ఎవరికైనా సోదరుని హక్కు దక్కితే అది అతనికి అగ్నిఖండమే అని హెచ్చరించారు. ప్రవక్త తీర్పే పరాయి సొమ్మును హలాల్ చేయలేనప్పుడు, న్యాయవాది నేర్పు చేస్తుందా?

కనుక ఈ వారం ప్రతి ఇంట్లో మూడు పనులు చేద్దాం. నోటిమాటగా ఉన్న అప్పులను, వాటాలను వ్రాసి సాక్షులతో సంతకాలు చేయిద్దాం. ఖాళీ నోట్లు ఇచ్చి ఉంటే, మర్యాదగా వెళ్లి మొత్తాన్నీ తేదీనీ నింపించుకుందాం. మన దగ్గర ఇతరుల ఖాళీ నోట్లు ఉంటే మనమే పిలిచి వారి ఎదుట నింపుదాం, తీరిపోయినవి తిరిగి ఇచ్చేద్దాం. గడువు దాటిందని వదిలేసిన అప్పు ఉంటే, అది ఏ మతస్థునిదైనా సరే, తీర్చడం ప్రారంభిద్దాం. తీర్చలేని స్థితిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వడం, మాఫీ చేయడం ఖుర్‌ఆన్ మెచ్చిన గుణాలని అప్పు ఇచ్చినవారు గుర్తుంచుకోవాలి.

ఓ అల్లాహ్! మా పిల్లల చదువును న్యాయానికి ఆయుధంగా చేయి, వంచనకు సాధనం కానివ్వకు. మా మాటలలో సత్యాన్ని, మా తూకాలలో నిజాయితీని ప్రసాదించు. అప్పుల భారం నుండి మమ్మల్ని కాపాడు. అప్పులతో లోకం విడిచిన మా పెద్దల రుణాలు తీర్చే శక్తిని మాకు అనుగ్రహించు. మా సంపాదనను హలాల్‌గా, శుభప్రదంగా చేయి. ఆమీన్.