చెదరిన పంక్తి
(విశ్వవిద్యాలయ పూర్వవిద్యార్థుల సమావేశమున, పూర్వపు ఎన్.సి.సి. కేడెట్ల నుద్దేశించి చేసిన ఉపన్యాసము)



మాతృసంస్థ ప్రాంగణమున మరలఁ గలిసికొంటిమి. తలలు నెరసినవి, కాని "సావధాన్" అను కేక వినఁబడఁగానే మడమలు నేఁటికిని గలియుచున్నవి.

ఆంగ్లప్రభుత్వము 1917లో విశ్వవిద్యాలయ దళముల నేర్పఱచినది తన యుద్ధావసరమునకై. స్వతంత్రభారతము 1948లో, కుంజ్రూ సంఘపు సిఫారసు ననుసరించి, నేషనల్ కేడెట్ కోరును స్థాపించినది యువకులను బౌరులుగాఁ దీర్చుటకై. చైనా యుద్ధానంతరము 1963లో నది నిర్బంధమయ్యెను, 1968లో ఐచ్ఛికమయ్యెను. మనలోఁ బలువురము నిర్బంధముచేతనే చేరితిమి. అందుకు సిగ్గుపడ నక్కఱలేదు. నిర్బంధము తొలఁగినపిదప మనలో నిలిచిన దెంత? అదియే ప్రశ్న.

శిబిరమునఁ గవాతునకును భోజనమునకును బంక్తి యొక్కటియే. ఎత్తునుబట్టి నిలిచితిమి గాని కులమునుబట్టి నిలువలేదు. ఇల్లు చేరినపిమ్మట నా పంక్తి యేమయ్యెను? మన యూళ్ల విందులలో, మన బిడ్డల వివాహములలో నది కానరాదేమి? నన్నును గలుపుకొనియే యడుగుచున్నాను.

సైన్యమునఁ జేరిన మిత్రులు సరిహద్దులఁ గాచి ఋణము దీర్చుకొనిరి. మనకు మన వీథియే సరిహద్దు. దుస్తులు విడిచితిమి, ఆజ్ఞ రద్దు కాలేదు. నేఁటి సహపంక్తి భోజనమును మీ గ్రామములకుఁ గొనిపొండు.

జైహింద్!