వీరాస్వామయ్యగారి త్రోవలో రెండు ప్రాతకార్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



యాత్రలనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. భారత భాగవతములును, మనుచరిత్రమును మన గ్రంథాలయపు బీరువానుండి యొక్కొక్కటిగా తీసికొనిపోయి, రాత్రులయందు చదువుకొన్నవే గాని గురుముఖమున నేర్చినవి గావు. తప్పులున్న పెద్దలు మన్నింతురుగాక.

మన కడపసీమలోని కోకట గ్రామమును అగ్రహారముగా పొందిన అల్లసాని పెద్దనగారు ప్రవరుని యాత్రను వర్ణించిరి. ప్రవరుడు సిద్ధుడిచ్చిన లేపమును పాదములకు పూసికొని రెప్పపాటులో హిమవత్పర్వతమును జేరెను. మంచుతడికి పసరు కరగిపోగా, ఇల్లు చేరు దారిలేక నిలిచెను. పండితులు ఈ ఘట్టమున శృంగారమును చూతురు, వైరాగ్యమును చూతురు. లెక్కలవాడనగుట చేత నాకు వేరొకటి తోచినది. ఆ బ్రాహ్మణుడు ఒంటరిగా పోయెను. తోడు లేదు, దారిబత్తెము లేదు, పసరు కరగిన వెనుక ఏమి చేయవలెనను నాలోచన లేదు. ఇంటివారితో చెప్పిపోయిన జాడయు కానరాదు. పద్యముల సొగసు వేరు, ప్రయాణపు ఏర్పాటు వేరు.

ఏర్పాటుతో గుంపుగా తిరుగుటను ఈ కాలమున ఒక వినోదముగా చేసికొన్నవారు పాశ్చాత్యదేశములలో గలరు. ప్రాతకార్లను ప్రాణముగా చూచుకొనువారు సంఘములుగా చేరి, ఇరువది ముప్పది బండ్లు వరుసగా బయలుదేరి, పరదేశములకు పోయి వత్తురు. వారికి మిక్కిలి ప్రీతియైన తావులలో ఐర్లండు ఒకటి. ఇంగ్లండువారు తమ బండ్లను హోలీహెడ్ రేవున ఓడకెక్కించి డబ్లిను నగరమున దించుకొందురు. ఆ దేశమునకును మోటారుబండికిని ప్రాతచుట్టరికమున్నది. 1903 జూలై 2వ తేదీన గార్డన్ బెన్నెట్ పందెము అక్కడి కిల్డేరు ప్రాంతపు బాటలపై జరిగెను. ఇంగ్లండులో నాడు గంటకు 12 మైళ్లకు మించి బండి తోలరాదను చట్టముండుటచే పందెమును ఐర్లండునకు మార్చిరట! బెల్జియము దేశస్థుడైన జెనాట్జీ మెర్సిడీస్ బండిపై గెలిచెను. పడమటి సముద్రపుటొడ్డున సుమారు 2500 కిలోమీటర్ల బాటకు 2014లో ఒక పేరుపెట్టి యాత్రికులకు చూపుచున్నారు. కెర్రీ అనుచోట కొండలను చుట్టివచ్చు ఇరుకుదారిలో పెద్దబస్సులన్నియు ఒకే దిక్కుగా తిరుగుట ఆచారము. ఎదురుపడిన తప్పుకొనుటకు చోటు లేదు. ఈ సంఘములవారి కట్టుబాట్లలో నాకు నచ్చినది యొక్కటి. ఏ బండి ఆగినను వెనుకవచ్చు బండి ఆగవలెను. ప్రవరునికి లేనిది ఇదియే.

ఇది దొరల వేడుక, మనకేల యందురేమో. మన తెలుగువా డొకడు వారికంటె ముందు, మోటారు పుట్టకముందే, నూరుమందితో ఇట్టి యాత్ర చేసెను. చేయుటయే గాక ఏరోజు కారోజు వ్రాసియుంచెను. అదియును మన కడప కర్నూలు సీమలమీదుగానే. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను మీలో నెందరు చదివితిరో నాకు తెలియును. గ్రంథాలయపు ఇచ్చిపుచ్చుకొను పుస్తకము నాచేతనే యున్నది గదా. ఇరువదియైదేండ్లలో పదునొకండు పేర్లు!

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన వారు. 1830 మే 18వ తేదీ రాత్రి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. రెండు తేదులను గలుపుకొని నేను వేసిన లెక్కకు 474 దినములు. కుటుంబమువారు, పరిజనులు, సవారీలు మోయు బోయీలు కలిసి సుమారు నూరుమంది. ఎండ, వాన, డేరాలు, వంటపాత్రలు, రోగములు, అలుకలు, అన్నియు వెంట బెట్టుకొని తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయిరి. గయ, కలకత్తా, జగన్నాథములు చూచుకొని సముద్రతీరపు దారిని వెనుకకు వచ్చిరి. త్రోవలో చూచినదెల్ల కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారను మిత్రునకు తెలియజేయుచుండిరి. 1836లో వీరాస్వామయ్యగారు కాలధర్మము నొందగా, 1838లో ఆ స్నేహితుడు దానిని అచ్చువేయించెను. ఒక శతాబ్దము గడచిన పిమ్మట, 1941లో, దిగవల్లి వేంకటశివరావుగారు శ్రమపడి మరల ప్రకటించిరి గనుక మనచేతికి వచ్చినది.

ఈ పుస్తకమును నేను మొదట పదిపుటలు చదివి మూసివేసితిని. బాలవ్యాకరణమును కంఠస్థము చేసిన గర్వము అట్టిది. సంధులు లేవు, సమాసములు లేవు, నోటిమాట నున్నదున్నట్లు దించినాడు, హిందుస్థానీ పదములు విచ్చలవిడి కలిపినాడు అని తూష్ణీంభావము వహించితిని. చిన్నయసూరిగారి గ్రంథము 1858లో గదా వెలువడినది, 1830లో డేరాలో కూర్చుండి వ్రాసినవానిని ఆ త్రాసున తూచుట యేమి న్యాయమని నాకు చాలయేండ్లకు గాని తోచలేదు. శ్రీనాథుని కాశీఖండమున కాశీమహిమ యంతయు నున్నది. ఏ యూర మంచినీళ్లబావి యున్నది, ఏ యూర అంగడి యున్నది, ఏ దారి ఇసుక, ఏ దారి రాతినేల యనునది కావలెనన్న వీరాస్వామయ్యగారినే యడుగవలెను. మా వృత్తిలో దీనిని అడంగలు అందుము. భూమి యెట్లున్నదో అట్లు వ్రాయుట.

ఆయన కడపనుండి దువ్వూరుమీదుగా అహోబిలము చేరిన దినములలో కర్నూలు కడప కాలువ లేదు. ఆ కాలువను మద్రాసు ఇరిగేషను కంపెనీవారు 1863లో మొదలిడి 1871 నాటికి ముగించిరి. 1882లో సర్కారు కొనెను. కాబట్టి ఆయన చూచిన నేల మనము నేడు చూచు వరిపొలములనేల కాదు. కడప కుంఫిణీవారిది; అహోబిలము దాటిన కందనూరు నవాబు గులాం రసూల్ ఖానుని సీమ. నవాబు మనుష్యులు యాత్రికుల యొద్ద సుంకము గైకొని, దేవాలయముల మరామతు మాత్రము విచారింపరని ఆయన వాపోయిరి. ఆ నవాబును 1839లో కుంఫిణీవారు పదవీభ్రష్టుని చేసిరి. ఆయన తీరపుదారిని దిగివచ్చిన మరుసటియేటనే, 1832–33లో, గుంటూరుసీమను మహాక్షామము మ్రింగినది. యాత్ర ఒక్కయేడు ఆలస్యమైయుండిన ఆ నూరుమందికి గింజలెక్కడ దొరకును?

ఇట్టి సంగతులు గ్రంథాలయపు అరుగుమీద మాటలాడుకొనుచుండగా మొన్నటి వేసవిలో మాలో నొకరికి బుద్ధి పుట్టెను. మన యూర రెండు ప్రాత అంబాసిడరు కార్లున్నవి. హిందుస్థాన్ మోటార్సువారు 2014లో ఆ బండ్ల తయారీని ఆపివేసినను, ఈ రెండింటిని వాటి యజమానులు కన్నబిడ్డలవలె సాకుచున్నారు. ఐర్లండునకు పోనేల, కడపనుండి వీరాస్వామయ్యగారి త్రోవను పట్టుకొని పోవుదమనిరి. తొమ్మిదిమంది తేలితిమి. తలకు 2,500 చొప్పున 22,500 రూపాయలు నాచేతికి వచ్చినవి.

తొమ్మిదవవానినిగూర్చి తగవు నడచినది. ఆయన అరువదియైదు దాటిన వృద్ధుడు, మోకాళ్లు పట్టుకొనిపోయినవి, మన యూరికి ఇల్లరికము వచ్చినవాడు. పుట్టినయూరు శ్రీశైలపు జలాశయమున మునిగినది. 1981లో సుమారు నూరు గ్రామములను ఖాళీచేయించినప్పుడు ఆయన నవయువకుడు. దారిలో ఈయన కేమైన నయినచో ఎవరు బాధ్యులని కొందరనిరి. నేనును అన్నవారిలో నొకడనే, దాచుట యెందుకు? ఆయన నాతో, "లెక్కలయ్యా, నేను దేవుని జూచుటకు రాలేదు. నా వాకిలి జూచుకొనుటకు వచ్చుచున్నాను. నా 2,500 నీయొద్దనే యుండనిమ్ము" అనెను. మరి మాటాడలేకపోతిని.

తెల్లవారుజామున కడప దాటితిమి. బ్రౌనుదొరగారి పేర వెలసిన గ్రంథాలయపు వాకిట రెండునిమిషములు బండ్లాపి నమస్కరించితిమి. తాళపత్రములకు ప్రాణము పోసిన వానికి ఆపాటి గౌరవము చెల్లును. మైదుకూరు గడచి దువ్వూరు చేరునప్పటికే యెండ ముదిరినది. చాగలమర్రికి ఈవల మొదటికారు రేడియేటరు పొగలుక్రక్కెను. గొట్టము చిట్లినది. రెండవకారు ఆగెను. ప్రక్కచేనిలో పనిచేయుచున్న యొక తల్లి కడవెడు నీళ్లిచ్చి, "ఈ డొక్కుబండిలో ఎక్కడికి నాయనా?" అనినది. కాశికి పోయినవాని దారిని పోవుచున్నామంటిమి. "అయితే చేరరు" అనినది. అందరమును నవ్వితిమి. మెకానిక్కు వచ్చి గొట్టము మార్చునప్పటికి మూడుగంటలు పట్టినది. ఆ మూడుగంటలును చింతచెట్టునీడను పుస్తకము చదివికొంటిమి. ఈ దారిని నూరుమందియు కాలినడకను, భుజములపైనను గడచినదానిని ఆ నీడలో చదువుట వేరు, ఇంట చదువుట వేరు.

సవారిలో నున్నవాడు వ్రాసెను, మోసినవాడు వ్రాయలేదు. నంద్యాలసీమ నల్లరేగడి వానకు తడిసిన, ఒట్టికాళ్లతో నడచువానికే అడుగుకొక శేరు మట్టి అంటుకొనును. భుజముపై మనిషిని మోయువాని సంగతి యేమి? మా తొమ్మిదిమందిలో నిద్దరు కారును త్రోసిన చేతులతో ఈ ప్రశ్న వేసిరి. ఆ నడచినవారు వ్రాసిన పుస్తకము ఏ గ్రంథాలయమునను లేదు.

అహోబిలమున ఆ రాత్రి బస. మరునాడు మహానంది కోనేట స్నానము. ఆ నీటి నిర్మలత్వమును గూర్చి ఎందరో చెప్పియున్నారు గనుక నేను చెప్పను. బండాత్మకూరు, ఆత్మకూరు. వీరాస్వామయ్యగారు ఆత్మకూరునుండి నల్లమలలో దూరి శ్రీశైలమెక్కి, మరల దిగివచ్చి, నివృత్తిసంగమము కడ కృష్ణ దాటిరి. మేము కొండ నెక్కలేదు. మొదటికారునకు ఆ శక్తి లేదు. తిన్నగా సంగమమునకే పోతిమి. 2022 వరకు అది కర్నూలు జిల్లా. నేడు నంద్యాల జిల్లా.

సంగమేశ్వరము సంగతి మీకు విదితమే. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అను నేడు నదులు కూడుచోటని ప్రసిద్ధి. అచ్చటి లింగము కొయ్యతో చేయబడినది. జలాశయపు పూర్తిమట్టము 885 అడుగులు. నీరు ఎక్కువగానున్న నెలలలో స్వామి నీటిలోనే యుండును. వేసవిని నీరు తగ్గినప్పుడు గోపురము, పిమ్మట ప్రాకారము, పిమ్మట గర్భగుడి బయటపడును. పూజారి అప్పుడు ఒండ్రుమట్టిని కడిగి దీపము పెట్టును. మేము పోయినప్పుడు దీపము వెలుగుచుండెను. జలాశయము నిండుటకు ముందు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయి విప్పి అలంపురమునకు చేర్చి మరల కట్టిరి. అది మంచిపనియే. ఇండ్లకు మాత్రము అట్టి యేర్పాటు జరుగలేదు.

వృద్ధుని యూరు అక్కడికి దగ్గరిలోనే. బురద ఎండి పగుళ్లుబారిన నేలపై మోకాళ్లనొప్పితో ఆయన మాకంటె ముందు నడచెను. ఒకచోట నిలిచి కఱ్ఱతో గీతగీసి, "ఇది వీధి" అనెను. మాకు బురద దప్ప నేమియు కానరాలేదు. పదునాలుగడుగులు లెక్కించి, "ఇది రచ్చబండ" అనెను. మరి తొమ్మిదడుగులు పోయి నిలువబడెను. అక్కడ మూరెడు రాతిగోడ, దానిప్రక్క రుబ్బురోలు సగము మట్టిలో. ఆయన వంగి రోటిలోని మట్టిని వ్రేళ్లతో తీసివేసి, చాలసేపు అట్లే యుండెను. మేము దూరముగా నిలిచితిమి.

సాయంకాలము కారుచెంత కూర్చుండి వీరాస్వామయ్యగారు ఆ ప్రాంతమున కృష్ణ దాటిన పుటలను నాచేత చదివించుకొనెను. ఒకమారు గాదు, మూడుమారులు. తనయూరి పేరు అందు లేదు. "ఈయన ఈ రేవున దాటినాడు గదా. అయితే మావాళ్లు చూచియుందురు" అనెను. నూటతొంబదియైదేండ్ల నాటి సంగతి. మాలో నెవ్వరును కాదనలేదు.

యాత్రాఖర్చుల లెక్క సభకు సమర్పింపవలసియున్నది. పెట్రోలునకు 13,400, భోజనములకు 4,600, గొట్టమునకును మెకానిక్కునకును 1,900, బసకును ఇతరములకును 1,450. వెరసి 21,350. శేషము 1,150 రూపాయలు. దీనిని అందరి సమ్మతితో, దారిలో కుట్టు ఊడిన కాశీయాత్ర చరిత్రకు క్రొత్త అట్ట కట్టించుటకును, గ్రంథాలయమునకు ఒక మంచి భూపటము కొనుటకును వెచ్చించితిమి. భూపటము ఆ గోడకు వ్రేలాడుచున్నది, చూడుడు.

పుస్తకము మాత్రము బీరువాలో లేదు. అట్టకట్టి వచ్చిననాడే ఆ వృద్ధుడు వ్రాలుచేసి తీసికొనిపోయెను. అది పండ్రెండవ పేరు. గడువు పదునైదు దినములు. నాలుగునెలలు గడచినవి. అపరాధరుసుము వ్రాయవలసిన గడిని నేనింకను ఖాళీగానే విడిచియున్నాను. ఆ విషయమున కార్యవర్గమువారు నన్నేమి చేయుదురో చేయవచ్చును.